అమ్మొనైట్ శిలాజాలు ఎట్ల వెతకాలె, ఎట్ల చదవాలె: సిరోంచ దిక్కు వాళ్ల కోసం పూర్తి గైడ్

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల సిరోంచ, అంకీసా, ఆసరెల్లి దిక్కు కాలేజీ పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, మన వడదం కాడ ఫాసిల్ పార్క్ ఉంది, డైనోసార్ బొక్కలు దొరికినయ్, అంటే మనవి జురాసిక్ రాళ్లే కదా, మరి ఫోటోలల్ల చూసే ఆ చుట్టలు తిరిగిన అమ్మొనైట్ మన ప్రాణహితల ఎందుకు దొరకదు?" మస్తు మంచి ప్రశ్న ఇది, దీనికి జవాబు అర్థమైతే అమ్మొనైట్ వెతకడంల సగం పని అయిపోయినట్టే, అందుకే అక్కడినుంచే మొదలుపెడతా.

జురాసిక్ అంటే ఒక కాలం, సుమారు 20 కోట్ల ఏళ్ల కింద మొదలై 14.5 కోట్ల ఏళ్ల కింద అయిపోయింది. ఆ కాలంల నేల మీద ఏర్పడ్డ రాళ్లు వేరు, సముద్రం అడుగున ఏర్పడ్డ రాళ్లు వేరు. మన దగ్గర ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరు ఉంది కదా, దాని పేరు మీదనే మన జురాసిక్ రాళ్లను కోట ఫార్మేషన్ అంటరు, ఫార్మేషన్ అంటే ఒక రాతి పొరల గుంపు. ఇసుకరాయి, ఎర్రమన్ను రాయి, నడుమ సున్నపురాయి పొరలు. ఇవి నదులల్ల, మంచినీళ్ల సరస్సులల్ల పేరుకున్నయ్. అందుకే వీటిల డైనోసార్లు ఉంటయ్, చేపలు ఉంటయ్, చెట్ల మొద్దులు ఉంటయ్. నది అవతలి దిక్కు పోచంపల్లి కాడ దొరికిన బొక్కలకే 1975ల బారపసారస్ టాగోరై అని పేరు పెట్టిండ్రు, ఆ అస్థిపంజరం కోల్‌కతాల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల ఉంది. యామనపల్లి కాడ దొరికిన కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల నిలబడి ఉంది, పిల్లలను తీసుకపోయి తప్పకుండ చూపియ్యండి.

అమ్మొనైట్ మాత్రం సముద్రం జీవి. ఉప్పునీళ్లల్ల తప్ప ఎక్కడా బతకలేదు. కాబట్టి అవే కాలం రాళ్లైనా మన కోట సున్నపురాయిల ఒక్కటి కూడ ఉండదు, ఎన్ని ఏండ్లు తవ్వినా ఉండదు. మన దగ్గర బారపసారస్ తిరిగిన జురాసిక్‌లనే అటు గుజరాత్‌ల కచ్ దిక్కు సముద్రం లోపలికి వచ్చింది, ఆఫ్రికా నుంచి భారత్, మడగాస్కర్ విడిపోవడం మొదలైన టైం అది, ఆ సముద్రంలనే అమ్మొనైట్లు ఈదినయ్. ఈ రెండు చోట్లనూ కలిపి చూస్తేనే జురాసిక్ అసలు బొమ్మ కనపడుతది. సినిమాలు చూసి జురాసిక్ అంటే డైనోసారే అనుకుంటరు గని కాలాన్ని లెక్కపెట్టే పని మొత్తం ఈ చిన్న చుట్ట జీవే చేసిపెట్టింది.

ముందు జీవిని తెలుసుకోండి

అమ్మొనైట్ నత్త కాదు. ఆక్టోపస్, స్క్విడ్ కుటుంబానికి చెందింది, గుల్ల ఉన్న చుట్టం అనుకోండి. చుట్ట మొత్తంల జంతువు ఉండదు, చివరి గదిలనే ఉంటది. పెరిగే కొద్దీ ముందుకు జరిగి, వెనుక ఒక అడ్డుగోడ కట్టుకుంటది, మళ్ల పెరుగుతది, మళ్ల ఒక గోడ. ఇట్ల వెనుక మిగిలిపోయిన గదులల్ల గాలి, కొంత నీళ్లు ఉంటయ్, ఆ గదులన్నింటిని కలుపుకుంట ఒక సన్నటి గొట్టం పోతది, దాంతోని నీళ్లు తోడుకుంట తేలడం అదుపు చేసుకుంటది.

ఇప్పుడు అన్నింటికన్న ముఖ్యమైన సంగతి. ఆ అడ్డుగోడ గుల్ల లోపలి వైపు అతుక్కునే చోట ఒక గీత పడుతది. నాటిలస్ అని ఇప్పటికీ సముద్రంల బతికున్న గదుల గుల్ల జీవి ఒకటి ఉంది, దాంట్ల ఆ గీత సాదాగా, మెత్తగ వంగి ఉంటది. జురాసిక్ అమ్మొనైట్‌ల ఆ గీత లోపలికి బయటికి మలుపులు తిరిగి, ప్రతి మలుపుల మళ్ల చిన్న మలుపులు, వాటిల ఇంకా చిన్నవి, చూస్తే కన్ను తిప్పుకోబుద్ధి కాదు. దీన్ని సూచర్ గీత అంటరు. ఇది పై గుల్ల ఊడిపోయి లోపలి అచ్చు మిగిలినప్పుడే కనపడుతది, గుల్ల ఇంకా ఉంటే కనపడదు. కచ్‌ల దొరికేవాటిల మస్తు లోపలి అచ్చులే, అంటే గుల్లల నిండిన బురద గట్టిపడి రాయైంది.

ఒక ముక్క చేతికి వచ్చిందంటే నేను చూసే మొదటి విషయం ఈ గీతలు ఎక్కడిదాకా ఉన్నయ్ అని. గీతలు ఆగిపోయిన కాడినుంచి జంతువు ఉన్న గది మొదలైనట్టు, ఆ గది ఒక్కోదాంట్ల అర చుట్టు నుంచి ఒక చుట్టు దాక ఉంటది. విరిగిన అంచు దాక గీతలు ఉంటే జీవి ఉన్న గది మొత్తం పోయిందని అర్థం, అసలు గుల్ల మన చేతిల ఉన్నదానికన్న చానా పెద్దగ ఉండేది.

నత్త, నాటిలస్, అమ్మొనైట్ తేడా పట్టుకోవడం

వరోరా, నాగ్‌పూర్ దిక్కు నల్లరేగడి కింద బసాల్ట్ పొరల నడుమ చెకుముకి రాయి లెక్క గట్టి రాళ్లల్ల చిన్న చిన్న చుట్టలు దొరుకుతయ్. మనోళ్లు ఫోటో తీసి అమ్మొనైట్ అని పంపుతరు. అవి ఫైసా అనే మంచినీటి నత్తలు, డెక్కన్ లావా పారిన కాలంవి, అంటే అమ్మొనైట్లు అంతరించే రోజుల దగ్గరివి. తేడా ఎట్ల పట్టాలె అంటే, నత్త చుట్టు పక్కకు దిగుకుంట ఒక మొన లెక్క తేలుతది, అమ్మొనైట్ మాత్రం చాప చుట్టినట్టు ఒకే సమతలంల చుట్టుకుంటది, రెండు దిక్కులా చూస్తే ఒకే తీరు. జురాసిక్ వాటికి ఇది దాదాపు ఎప్పుడూ పనిచేస్తది. ఇంకా, నత్త లోపల గదులుండవు, విరిగినచోట చూస్తే ఖాళీ గొట్టమే.

నాటిలస్‌తోనే కొంచెం జాగ్రత్త, ఎందుకంటే అది కూడ సమతలంల చుట్టుకుంటది, గదులు కూడ ఉంటయ్, కచ్‌ల అవి కూడ దొరుకుతయ్. రెండు విషయాలు చూడండి. సూచర్ గీత సాదాగా ఉంటే నాటిలస్. గది గోడ మీద గొట్టం రంధ్రం నడుమ భాగంల ఉంటే నాటిలస్, బయటి అంచుకు ఆనుకొని ఉంటే అమ్మొనైట్.

ఇంట్ల ఉన్న సాలగ్రామం

మంథని, ధర్మపురి, కాళేశ్వరం దిక్కు పాత ఇండ్లల్ల దేవుని అర్రల సాలగ్రామాలు ఉంటయ్. నేపాల్‌ల ముక్తినాథ్ కింద కాళీ గండకి నదిల దొరికే నల్ల గుండ్రాళ్లు. అవి స్పితి షేల్ అనే నల్లటి సముద్రపు మట్టిరాయి నుంచి వచ్చినయ్, చాలావరకు జురాసిక్ చివరి భాగంవి. లోపలి చక్రం అమ్మొనైట్ చుట్టే. ఏ మ్యూజియంకు పోకుండానే మన ఇండ్లల్లనే జురాసిక్ అమ్మొనైట్ తరతరాలుగ అభిషేకం చేయించుకుంట ఉంది, నాకు ఇది తలుచుకుంటేనే మస్తు సంతోషం.

చూడాలనుకుంటే ఇంటి పెద్దలను అడిగి, వాళ్లు సరే అంటేనే, వాళ్ల చేతుల ఉండగనే చూడండి. పగలగొట్టడం, గీకడం, యాసిడ్ పెట్టడం పేరు ఎత్తొద్దు. టార్చ్‌ను పక్కనుంచి ఏటవాలుగ పెడితే రంధ్రం లోపల పక్కటెముకల్లాంటి గీతలు ఒకదాని పక్కన ఒకటి కనపడుతయ్, ఒక్కోసారి పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం వల్ల బంగారు మెరుపు కూడ ఉంటది. కొత్తగ కొనేవాళ్లకు ఒక మాట, ఉలితో చెక్కిన చక్రాలు మార్కెట్ల ఉన్నయ్. చెక్కినదాంట్ల గాడి లోతు అంతటా ఒకే తీరు ఉంటది, మధ్యకు పోయేకొద్దీ చుట్టు సన్నబడే పద్ధతి సరిగ కుదరదు, లెన్స్ కింద ఉలి గీతలు దొరుకుతయ్.

ఆన్‌లైన్‌ల సగానికి కోసి పాలిష్ పట్టి జతలుగ అమ్మేవి ఉంటయ్ కదా, గదులల్ల తేనె రంగు స్ఫటికాలు మెరుస్తుంటయ్, వాటిల ఎక్కువ మడగాస్కర్ నుంచి వచ్చే క్లియోనిసెరాస్ రకం. అవి జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలంవి, సుమారు 11 కోట్ల ఏళ్ల నాటివి. లేబుల్ మీద జురాసిక్ అని రాసి ఉన్నా నమ్మకండి. గదులు ఎట్ల కట్టుకుంటదో కండ్లారా చూడడానికి మాత్రం దాన్ని మించింది లేదు, నేర్చుకునేవాళ్లు ఒకటి కొనుక్కోవచ్చు, తప్పులేదు.

ఎక్కడికి పోవాలె

మన దేశంల జురాసిక్ అమ్మొనైట్లకు మూడు పెద్ద చోట్లు. గుజరాత్‌ల కచ్, రాజస్థాన్‌ల జైసల్మేర్, హిమాచల్‌ల స్పితి. తమిళనాడు అరియలూరు దిక్కు మస్తు దొరుకుతయ్ గని అవి క్రెటేషియస్. ప్రకాశం జిల్లాల బూదవాడ, వేమవరం దిక్కు షేల్ రాళ్లల్ల అమ్మొనైట్ అచ్చులు బ్రిటిష్ కాలంలనే రికార్డైనయ్, తెలుగు నేల మీద సముద్రం వచ్చిన ఆనవాళ్లు అవి, అవి కూడ తొలి క్రెటేషియస్‌వే.

నేర్చుకోవడానికి కచ్‌ను మించింది లేదు. బల్లార్షాల నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అహ్మదాబాద్, అక్కడినుంచి భుజ్‌కు ఇంకో బండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యల పోవాలె, ఎండకాలం పోతే రాళ్లకన్న ముందు మనమే పగులుతం. వానలు పోయిన తర్వాత సీజన్ అయితే వాలుల మీద మట్టి కొట్టుకపోయి కొత్తవి బయటపడి ఉంటయ్.

కచ్ రాళ్లను కిందినుంచి పైకి పచ్ఛం, చారి, కట్రోల్, ఉమియా అని నాలుగు భాగాలుగ పాతవాళ్లు విభజించిండ్రు, ఉమియా పేరు ఇప్పుడు మారింది గని పాత పుస్తకాలల్ల అదే ఉంటది. అమ్మొనైట్లకు చారి భాగం గుండెకాయ. జుమారా, కీరా, జారా, హబో లాంటి గుట్టలల్ల పొరలు కింద నుంచి పైకి ఉబ్బి, కోత పడి, వరుసగ బయటపడ్డయ్, గుట్ట నడుమ పాత పొరలు, అంచులకు పోయేకొద్దీ కొత్త పొరలు. చారి పైభాగంల ధోసా ఊలైట్ అని ఒక పొర ఉంది, చిన్న చిన్న గుండ్రటి గింజలతోని నిండిన రాయి, కచ్ అంతటా దాన్ని గుర్తుపట్టొచ్చు. 1873 నుంచి 1875 మధ్యల వాగెన్ అనే ఆయన కచ్ అమ్మొనైట్ల మీద పెద్ద గ్రంథం అచ్చేసిండు, 1927 నుంచి 1933 మధ్యల స్పాత్ అనే ఇంకో శాస్త్రవేత్త దాన్ని తిరగరాసిండు. ఇప్పటికీ పేర్లు పెట్టాలంటే ఈ ఇద్దరి బొమ్మల కాడికే పోవాలె.

అనుమతి సంగతి

ఇది దాటేసి చదవొద్దు. మన గడ్చిరోలి జిల్లాల ఎక్కువ భాగం అడవే, 1927 అటవీ చట్టం ప్రకారం అడవి నుంచి వచ్చే రాయి, ఖనిజం కూడ అటవీ ఉత్పత్తే, కాబట్టి అడవి భూమిల నుంచి రాయి ఎత్తుకపోతే కేసు అయితది. వడదం పార్క్‌లనైతే ముట్టుకోవడమే వద్దు. కచ్‌ల కూడ చారి ఊరి పక్కనే చారి-ఢంఢ్ కన్జర్వేషన్ రిజర్వ్ ఉంది, అటు ఉత్తరం సరిహద్దు దిక్కు కొన్నిచోట్లకు పర్మిట్ కావాలె. భుజ్‌ల కచ్ యూనివర్సిటీల ఎర్త్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, కాలేజీ విద్యార్థులైతే మీ సార్ల లెటర్ పట్టుకొని వాళ్ల ద్వారానే పోవడం అన్నింటికన్న మంచిది. అనుమతి లేనిచోట ఫోటో, కొలతలు, లొకేషన్ తీసుకొని రాయిని అక్కడనే వదిలిపెట్టి రావాలె. అట్ల వదిలిన రాయి మీద మీరు రాసుకున్న నోటు, ఏ నోటు లేకుండ షోకేస్‌ల పెట్టిన రాయికన్న ఎక్కువ విలువైంది.

సంచిల ఏముండాలె

పది రెట్లు పెద్దగ చూపించే చేతి లెన్స్, పర్మనెంట్ మార్కర్, బాల్ పెన్, గట్టి అట్ట నోట్‌బుక్, పాత న్యూస్‌పేపర్లు, జిప్ కవర్లు, చిన్న స్కేల్, టిష్యూ పేపర్. ఫోన్‌ల ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ ఉండదు. సుత్తి, ఉలి ఉంటే కండ్లద్దాలు తప్పనిసరి, ఇంటి సుత్తి తేవద్దు, దాని అంచు విరిగి ముక్కలు ఎగురుతయ్. సర్కారు తుమ్మ ముండ్లకు ఆగే బూట్లు, మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు.

వెతికే పద్ధతి

పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగ ఉన్నప్పుడు నడవండి, పక్కటెముకల గీతల నీడలు అప్పుడే లేస్తయ్, మధ్యాహ్నం అన్ని రాళ్లూ ఒకటే తీరు కనపడుతయ్. గుట్ట కింద వాలుల రాలిపడ్డ ముక్కలతో మొదలుపెట్టండి. ఒకచోట రెండు మూడు ముక్కలు కనపడితే వాటిని సంచిల వేసుకునే తొందర వద్దు, నిటారుగ పైకి ఎక్కుకుంట పోండి, ఏ మట్టం దాటినంక ముక్కలు ఆగిపోతయో ఆ మట్టం దగ్గరనే అసలు పొర ఉంటది. ఆ పొరను పట్టుకొని అడ్డంగ నడవండి. పై నుంచి కిందికి రాళ్లు దొర్లుతయ్ గని కింద నుంచి పైకి పోవు కదా, ఈ ఒక్క లాజిక్‌తోనే పని నడుస్తది.

రాలిపడ్డది వేరు, పొరల ఉన్నది వేరు. నోట్‌బుక్‌ల ఈ రెండు ఎప్పుడూ విడివిడిగ రాయాలె. పొరల ఉన్నది దొరికితే, కదిలించక ముందే స్కేల్ పెట్టి దగ్గరి ఫోటో ఒకటి, గుట్ట మొత్తం కనపడేటట్టు దూరం ఫోటో ఒకటి. పై దిక్కు ఏదో మార్కర్‌తో రాయి మీద బాణం గీయండి. తియ్యడానికి పర్మిషన్ ఉంటేనే, శిలాజానికి బెత్తెడు దూరంల చుట్టూ ఉలి వేసుకుంట రావాలె, దాని మీద నేరుగ ఎప్పుడూ కొట్టొద్దు. అంటుకున్న రాయితో సహా తెచ్చి ఇంట్ల తీరిగ్గ విడదీయొచ్చు.

నోట్‌బుక్‌ల ఒక ఎంట్రీ ఇట్ల ఉండాలె: "జు-7. జుమారా గుట్ట. చారి ఫార్మేషన్, ధోసా ఊలైట్ అడుగు నుంచి సుమారు 3 మీటర్లు కింద, పసుపుపచ్చ మట్టిరాయి పొర, పొరల ఉన్నది, బాణం పైకి." దాని కింద జీపీఎస్ అంకెలు, తేదీ, ఫోటో నంబర్లు. అదే నంబర్ రాయి చుట్టిన పేపర్ మీద, కవర్ మీద కూడ రాయండి. రాత్రి రూంకు పోయినంక రాద్దాం అనుకుంటే ఏ రాయి ఎక్కడిదో కలిసిపోతది.

ఇంత కష్టం ఎందుకంటే, అమ్మొనైట్లు తొందర తొందరగ మారుకుంట పోయినయ్, సముద్రాలల్ల దూరం దూరం పాకినయ్. అందుకే 1850లల్ల ఆల్బర్ట్ ఓపెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త యూరప్‌ల జురాసిక్‌ను అమ్మొనైట్ జోన్లుగ, అంటే ఏ రకం అమ్మొనైట్ దొరుకుతదో దాన్నిబట్టి చిన్న చిన్న కాలం ముక్కలుగ విడదీసిండు. ఒక్కో జోన్ సగటున పది లక్షల ఏళ్ల లోపే. 16 కోట్ల ఏళ్ల వెనుక ఉన్న కాలాన్ని అంత సన్నగ కొయ్యగలిగే కత్తి ఇంకోటి దొరకడం కష్టం. కచ్‌ల దొరికిన మాక్రోసెఫాలైటిస్ అనే అమ్మొనైట్ దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌ల కూడ దొరికితే రెండు చోట్ల పొరలు ఒకే వయసువని, ఒకే సముద్రం తాకిందని చెప్పగలుగుతం. పొర పేరు రాయని అమ్మొనైట్ ఇదేమీ చెప్పలేదు. అది అందమైన రాయి, అంతే.

పేరు పట్టడం

తడిపి, టార్చ్ ఏటవాలుగ పెట్టి, నాలుగు విషయాలు చూడండి. మొదటిది బొడ్డు. నడుమ గుంట వెడల్పును మొత్తం వ్యాసంతో భాగించండి, వచ్చిన అంకె చిన్నదైతే చివరి చుట్టు లోపలి చుట్లను మింగేసిందని, పెద్దదైతే చుట్లన్నీ బయటికి కనపడుతున్నయని. రెండోది పక్కటెముకలు, ఒంటరిగ పోతున్నయా, రెండుగ చీలుతున్నయా, బుడిపెలు ఉన్నయా. మూడోది బయటి అంచు, గుండ్రమా, గాడి ఉందా, కత్తి అంచు లెక్క గట్టు ఉందా. నాలుగోది సూచర్ గీత.

ఈ నాలుగు తెలిస్తే కచ్‌ల తరచు దొరికేవి గుర్తుపట్టొచ్చు. లావుగ, బొడ్డు ఇరుకుగ, సన్నటి పక్కటెముకలు బయటి అంచు మీదుగ ఆగకుండ అవతలికి పోతే మాక్రోసెఫాలైటిస్, ఇది ఎక్కువగ జురాసిక్‌ల కలోవియన్ అనే దశది, అంటే సుమారు 16.5 నుంచి 16.1 కోట్ల ఏళ్ల కింద. చుట్లన్నీ బయటికి కనపడుకుంట, బుడిపెలుండి, బయటి అంచు నడుమ గాడి దగ్గర పక్కటెముకలు తెగిపోతే రైనెకియా. చుట్లు కనపడుకుంట, పక్కటెముకలు అంచు దగ్గర రెండుగ చీలి, అక్కడక్కడ నొక్కినట్టు గాడులుంటే పెరిస్ఫింక్టిస్ కుటుంబం. పలచగ, అంచున గట్టు, కొడవలి వంపు పక్కటెముకలుంటే హెక్టికోసెరాస్ దిక్కు ఆలోచించండి. ధోసా ఊలైట్‌ల మాక్రోసెఫాలైటిస్ లెక్కనే కనపడేది దొరికితే అది మయాయిటిస్ కావచ్చు, కలోవియన్ తర్వాత వచ్చే ఆక్స్‌ఫర్డియన్ దశది. చూడండి, ఇక్కడ పొర తెలియకపోతే ఈ రెండింటి నడుమ కొత్తవాళ్లు గింజుకోవాల్సిందే.

ఒకే పొరల లోపలి చుట్లు ఒకే తీరుగ ఉండి, ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నగ ఉండి నోటి కాడ రెండు దిక్కులా చెవుల్లాంటి పొడుగు అంచులతో దొరికితే రెండు జాతులని తొందరపడొద్దు. అవి ఒకే జాతి ఆడ, మగ అని చాలామంది నిపుణులు అంటరు, పెద్దది ఆడది.

కడగడం, దాచడం

మెత్తటి టూత్‌బ్రష్, నీళ్లు, మట్టిరాయి అంటుకుంటే సూది. అంతే చాలావరకు. యాసిడ్, వెనిగర్ వద్దు, అమ్మొనైట్ కూడ సున్నపు పదార్థమే అయ్యే అవకాశం ఎక్కువ, చుట్టూ రాయితో పాటు అదీ కరుగుతది. మీ రాయి సున్నపురాయేనా అని తెలుసుకోవాలంటే పనికిరాని ముక్కను గీకి ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి, బుడగలు వస్తే సున్నమే. విరిగినవి అతికించడానికి అసిటోన్‌ల కలిపిన పారాలాయిడ్ బి-72 అనే జిగురు మంచిది, తర్వాత అవసరమైతే విప్పొచ్చు. ఫెవిక్విక్ పెడితే ఇగ విప్పడం చానా కష్టం. వార్నిష్ కొట్టొద్దు, సన్న గీతలు మూసుకపోతయ్.

బంగారు రంగు పైరైట్ ఉన్నవాటికి మన వానకాలం శత్రువు. తేమ, గాలి తగిలితే పైరైట్ విరిగి గంధకపు యాసిడ్ పుడుతది, తెల్లటి, పసుపు పొడి రాలుతది, పెట్టె తెరిస్తే గంధకం వాసన వస్తది, చివరికి రాయి పొడి అయితది. వాటిని నీళ్లల్ల నానబెట్టొద్దు, గాలి చొరని డబ్బాల సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, జూన్ నుంచి అక్టోబర్ దాక పొట్లాలు మార్చుకుంట ఉండండి. మిగిలినవాటికి అట్టపెట్టెలు చాలు. రాయి మీద కనపడని మూలకు తెల్ల పెయింట్ చుక్క పెట్టి, ఆరినంక దాని మీద ఇంకుతో నంబర్ రాయండి, కాగితం లేబుల్ ఊడిపోయినా నంబర్ ఉంటది.

మన నది ఒడ్డున అయితే

అమ్మొనైట్ దొరకదు గని కోట సున్నపురాయి పలకలు కనపడితే ఎండను పక్కకు పెట్టుకొని జాగ్రత్తగ చూడండి. నల్లగ, నిగనిగలాడుకుంట, డైమండ్ ఆకారంల వరుసగ పేర్చినట్టు చిన్న పలకలు ఉంటే అవి జురాసిక్ చేప పొలుసులు. లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అనే చేపను ఈ రాళ్లల్ల నుంచే 19వ శతాబ్దం మధ్యలనే లోకానికి చూపించిండ్రు. అట్లాంటిది గానీ బొక్క గానీ కనపడితే కదిలించకుండ, స్కేల్ లేకపోతే పెన్ను పక్కన పెట్టి ఫోటో, ఫోన్‌ల లొకేషన్ తీసుకొని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుల చెప్పండి, నాగ్‌పూర్ సెమినరీ హిల్స్‌ల జియలాజికల్ సర్వే ఆఫీసుకు కూడ అవే ఫోటోలు పంపండి. పంపేటప్పుడు పొర ఏ రంగుదో, దాని పైన ఏ రాయి ఉందో, కింద ఏ రాయి ఉందో రెండు లైన్లు రాయడం మర్చిపోవద్దు, వాళ్లు మొదట అడిగేది అదే.